నాడి తాళం తప్పితే: ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళు ఇంట్లో చేసుకోవాల్సిన పనులు

మా నాయనకి మొదటిసారి వచ్చినప్పుడు గ్యాస్ అనుకున్నాం. "గుండెల్లో పిట్ట కొట్టుకుంటాండాది" అన్నాడు. సోడా తాగించి పడుకోబెట్టినాం. తెల్లారేసరికి తగ్గింది, ఆ సంగతి మర్చిపోయినాం. రెండోసారి వచ్చినప్పుడు చిత్తూరులో ఈసీజీ తీయిస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. మొదటి రాత్రే పోయి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ పేరు చెప్పి ఉంటే, లేదా ఇదేనేమోనని అనుమానం ఉంటే, ఏ పని ఎట్లా చేసుకోవాలో వరసగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. నాయన దగ్గర, వాల్వు జబ్బున్న మా చిన్నమ్మ దగ్గర ఉండి చూసుకుంటూ, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి ఇవి. మందు పేరు, మోతాదు తేల్చాల్సింది మీ డాక్టరే.

ముందు జబ్బు సంగతి. గుండెలో పై గదులు రెండు, కింది గదులు రెండు. మామూలుగా ఒకేచోట పుట్టిన కరెంటు పై గదుల్ని, ఆ వెంటనే కింది గదుల్ని ఒక తాళంలో కొట్టిస్తుంది. ఈ జబ్బులో పై గదుల్లో ఎక్కడ పడితే అక్కడ కరెంటు పుట్టి, అవి ముడుచుకోవడం మానేసి వణుకుతాయి. కింది గదులు తాళం తప్పి, చాలాసార్లు పరుగెత్తి కొట్టుకుంటాయి. అదే మనకు తెలిసే దడ. తెలియనిది ఇంకొకటి ఉంది. ఎడమ పై గదికి చిన్న సంచిలాంటి మూల ఒకటి ఉంటుంది. కాలువలో నీళ్ళు పారినంతసేపు పాచి పట్టదు, మడుగు కట్టిన మూలే పడుతుంది. ఆ సంచిలో నిలిచిన రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బు లేనివాళ్ళతో పోలిస్తే ఉన్నవాళ్ళకు ఆ ముప్పు దాదాపు 5 రెట్లు. భయపెట్టేది దడ, ప్రాణం మీదికి తెచ్చేది గడ్డ. దడే లేకుండా జబ్బు ఉన్నవాళ్ళు కూడా చాలామంది ఉంటారు. వాళ్ళకూ గడ్డ ముప్పు ఇంతే.

మొదటి పని: నాడి పట్టడం నేర్చుకోండి

అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఎడమచేయి అరచేయి పైకి పెట్టి, బొటనవేలి కిందుగా మణికట్టు దగ్గర, ఎముకకి నరానికి మధ్యనున్న పల్లంలో కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఆనించండి. బొటనవేలు పెట్టొద్దు, దానికి సొంత నాడి ఉంటుంది. గడియారం చూస్తూ నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఈ జబ్బులో పనికిరాదు, ఎందుకంటే ఏ రెండు దెబ్బల మధ్యా ఒకే ఎడం ఉండదు.

తాళం పట్టుకోవడానికి నేను చేసే పని చెప్తాను. దెబ్బ తగిలినప్పుడల్లా నోటితో "తక" అంటాను. మామూలు నాడి అయితే భజనలో చెక్కలు వేసినట్టు సాగిపోతుంది. నాయనకి దడ ఉన్నప్పుడు "తక తక... తక... తకతక తక..." అని నోరు తడబడిపోతుంది. ఎప్పుడో ఒక దెబ్బ జారి మళ్ళీ సర్దుకుంటే అది అందరికీ వచ్చేదే. ఎంతసేపు విన్నా తాళం దొరకకపోతే అప్పుడు అనుమానించాలి.

పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి చూసి నోట్‌బుక్‌లో తేదీ, టైము, అంకె, "తాళం ఉంది" లేదా "లేదు" అని రాయండి. బీపీ మిషను ఈ జబ్బులో ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. మూడుసార్లు చూసి సగటు రాసుకోండి. ఈసీజీ తీసే చేతి గడియారాలు పనికొస్తాయి గానీ, అవి చెప్పింది డాక్టరు చూసి ఖాయం చేయాలి.

రెండో పని: దడ ఉన్నప్పుడే ఈసీజీ

ఈ జబ్బు మొదట్లో చాలామందికి వచ్చి పోతూ ఉంటుంది. దడ తగ్గినాక పోతే ఈసీజీ శుభ్రంగా వస్తుంది, "ఏమీ లేదు, గ్యాసే" అని పంపించేస్తారు. అందుకని దడ మొదలవగానే దగ్గరలో ఈసీజీ తీసే ఏ చోటికైనా పోండి. రాత్రిపూటా తీస్తారు. దొరకకుండా పోతుంటే హోల్టర్ అని ఒంటికి కట్టే చిన్న పెట్టె 24 గంటలో, ఇంకా ఎక్కువ రోజులో పెడతారు.

ఆ ఈసీజీ కాగితం వేడికి అచ్చుపడే రకమైతే ఏడాది రెండేళ్ళలో అక్షరాలు మాసిపోతాయి. అదే రోజు ఫోటో తీసి, జెరాక్స్ కూడా తీయించండి. రెండేళ్ళ తర్వాత కొత్త డాక్టరు "మొదటి ఈసీజీ ఏది?" అని అడుగుతాడు. మా దగ్గర తెల్లకాగితమే మిగిలింది.

తర్వాత చేయించాల్సినవి: గుండె ఎకో (గుండెకి తీసే స్కాను), థైరాయిడ్, కిడ్నీకి క్రియాటినిన్, పొటాషియం, లివరు, షుగరు, రక్తహీనత పరీక్షలు. థైరాయిడ్ ఎక్కువైనా ఈ దడ వస్తుంది, ముందు దాన్ని సరిచేయాలి. కిడ్నీ అంకెని బట్టే మందు మోతాదు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వైపువాళ్ళు వేలూరు సీఎంసీకి పోవడం మామూలే. ఎక్కడికి పోయినా ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్లో ఏ చికిత్సకు వర్తిస్తుందో ముందే అడగండి.

ఎకోలో ఒక ముక్క ప్రత్యేకంగా చూడండి: ఎడమవైపు పై గదికి, కింది గదికి మధ్యనుండే మైట్రల్ వాల్వు సన్నబడిందా లేదా. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత కీళ్ళవాపు జ్వరం వచ్చి వాల్వు చెడినవాళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. మా చిన్నమ్మది అదే కథ. ఆ సంగతి మీదే తర్వాతి మందు ఆధారపడి ఉంటుంది.

మూడో పని, అన్నిటికంటే ముఖ్యమైంది: రక్తం పలచబడే మాత్ర

ఈ మాత్ర ఎవరికి కావాలో డాక్టర్లు ఒక స్కోరు వేసి చూస్తారు. గుండె బలహీనతకి 1, బీపీకి 1, షుగరుకి 1, రక్తనాళాల జబ్బుకి 1, 65 నుంచి 74 వయసుకి 1, 75 దాటితే 2, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2. మా నాయనకి 68 ఏళ్ళు, బీపీ, షుగరు ఉన్నాయి. మొత్తం 3. రెండు, ఆపైన ఉంటే మాత్ర వేసుకోమనే చెప్తారు. ఒకటి ఉన్నా మాట్లాడి నిర్ణయించుకోవాల్సిందే. స్కోరుతో పనిలేకుండా, వాల్వు బాగా సన్నబడినవాళ్ళకి మాత్ర తప్పదు.

మాత్రలు రెండు జాతులు. పాతవి వార్ఫరిన్, అసిట్రోమ్. కొత్తవి అపిక్సబాన్, రివరాక్సబాన్, డబిగాట్రాన్, ఎడాక్సబాన్. వాల్వు బాగా సన్నబడినవాళ్ళకి, లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్ళకి పాతవే వాడాలి. "కొత్తవి మంచివంట, మార్చేద్దాం" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తు చేయండి. మిగతావాళ్ళలో ఎక్కువమందికి కొత్తవే ఇస్తున్నారు. జనరిక్ కంపెనీలవి వచ్చినాక వీటి ధర బాగా దిగింది.

ఎకోస్ప్రిన్, అంటే ఆస్పిరిన్, వీటికి బదులు కాదు. గుండెకి ఎకోస్ప్రిన్ ఉంది కదా అని ఊరుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఈ జబ్బులో గడ్డని ఆపడానికి దాని బలం చాలదు, నెత్తురు కారే ముప్పు మాత్రం ఉంటుంది. స్టెంటు ఉన్నవాళ్ళకి రెండూ ఇవ్వొచ్చు, అది డాక్టరు లెక్క.

అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్ళు ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె అది. ఎక్కువమందికి అది 2 నుంచి 3 మధ్య ఉండాలి, లోహపు వాల్వు ఉంటే ఇంకాస్త ఎక్కువ చెప్తారు. మొదట్లో వారం వారం, కుదురుకున్నాక నెలకోసారి. మా చిన్నమ్మకి ఎవరో "ఆకుకూర ముట్టొద్దు" అన్నారు. ఆమె తోటకూర, మునగాకు పూర్తిగా మానేసింది. మూడు వారాలకి ఐఎన్ఆర్ 4 దాటి, పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మాత్రకి ఎదురు పనిచేస్తుంది. అయితే మానేయడం మందు కాదు, ఒక లెక్కన తినాలి. వారానికి మూడు రోజులు పప్పులో ఆకుకూర వేసుకునే అలవాటుంటే ప్రతివారం మూడు రోజులే వేసుకోండి, ఇంచుమించు అంతే గిన్నె. ఆ లెక్కమీదే డాక్టరు మాత్ర సరిచేస్తాడు. ఇప్పుడు చిన్నమ్మ తోటకూర పప్పు తింటుంది, ఐఎన్ఆర్ కుదురుగానే ఉంది. కొత్త మాత్రలవాళ్ళకి ఆకుకూరల పట్టింపే లేదు.

కొత్త మాత్రలకి వేరే పట్టింపులున్నాయి. రివరాక్సబాన్ కడుపునిండా తిన్నాకే వేసుకోవాలి, ఖాళీ కడుపున వేస్తే ఒంటికి సరిగా పట్టదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు తినే ఆ ఒక్క పూటకే మాత్ర పెట్టుకోవాలి, పండూ పాలతో సరిపెట్టే రోజుల గురించి డాక్టర్ని ముందే అడగాలి. డబిగాట్రాన్ గొట్టం విప్పి పొడి వేసుకోకూడదు, దాని రేకులోంచి తీసి వేరే డబ్బాలో పోయకూడదు. అపిక్సబాన్, డబిగాట్రాన్ రోజుకి రెండుపూటలు. ఇవి ఒంట్లో ఒక్కరోజే నిలుస్తాయి కాబట్టి రెండు పూటలు మరిచినా రక్షణ పోతుంది.

మరిచిపోతే? రెండుపూటల మాత్ర అయితే 6 గంటల్లోపు, ఒక్కపూటదైతే 12 గంటల్లోపు గుర్తొస్తే వేసుకోండి. దాటిపోతే ఆ పూటని వదిలేసి తర్వాతది టైముకి వేసుకోండి. అసిట్రోమ్ అదే రోజు గుర్తొస్తే సరే. ఏ మాత్రనైనా రెండు కలిపి వేయొద్దు. దడ తగ్గిపోయింది కదా అని మానొద్దు. పన్ను పీకించాలన్నా, ఆపరేషనన్నా మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టర్ని అడగండి. అయిపోయే పది రోజుల ముందే మాత్రలు తెచ్చిపెట్టుకోండి.

ఒక జరిగిన సంగతి. నాయనకి నడుము పట్టేస్తే పక్క ఊళ్ళో నొప్పుల సూది వేయించుకొచ్చాడు. మాత్ర వాడుతున్న మాట చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. తెల్లారేసరికి పిరుదు మామిడికాయంత ఉబ్బింది, తొడదాకా అల్లనేరేడు రంగు పాకింది. కండలో వేసే సూది ఈ మాత్రలున్నవాళ్ళకి లోపల నెత్తురు గూడుకట్టిస్తుంది. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో నెత్తురు కారేట్టు చేస్తాయి. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్, అదీ అడిగి. అసిట్రోమ్ వాళ్ళు విరేచనాలకి మెట్రోనిడజోల్ వేసుకుంటే ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. మెడికల్ షాపులో ఏ మాత్ర అడిగినా "రక్తం పలచబడే మందు వాడతాం" అనే మాటతో మొదలుపెట్టండి.

నాలుగో పని: వేగం తగ్గించే మందు, తాళం తెచ్చే మందు

ఇవి రెండు వేరు. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, డిల్టియాజెమ్, డిగాక్సిన్ గుండె పరుగుని తగ్గిస్తాయి. కూర్చున్నప్పుడు నాడి 110 లోపు ఉంటే చాలామందికి సరిపోతుంది, మీకు ఎంత ఉండాలో అడిగి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. 50 కిందికి పోయి కళ్ళు తిరిగితే వెంటనే ఫోన్ చేయండి. డిగాక్సిన్ వాడే పెద్దవాళ్ళకి వాంతులు, అన్నం సయించకపోవడం, కళ్ళకి పచ్చగా కనపడడం వస్తే మందు ఎక్కువైందేమో చూపించాలి.

తాళం తెచ్చేవాటిలో అమియోడరోన్ మన దగ్గర ఎక్కువ. అది వాడేవాళ్ళకి ఆరు నెలలకోసారైనా థైరాయిడ్, లివరు పరీక్షలు పడాలి, ఆయాసం పెరిగితే ఊపిరితిత్తులు చూపించాలి. కరెంటు షాకుతో తాళం సరిచేయాలంటే, దడ ఎప్పటినుంచి ఉందో తెలియనివాళ్ళకి ముందు 3 వారాలు, తర్వాత 4 వారాలు పలచబడే మాత్ర తప్పకుండా పడాలి. ముందు మూడు వారాలు ఆగలేకపోతే గొంతులోంచి చేసే ఎకోలో గడ్డ లేదని చూసుకుంటారు.

అబ్లేషన్ అంటే తొడలోంచి వైరు పంపి, పై గదిలో తప్పుడు కరెంటు వచ్చే చోటుని కాల్చి లేదా మంచులా చల్లబరిచి ఆపడం. జబ్బు మొదట్లోనే తాళం నిలబెట్టే దారిలో పోతే మేలని 2020లో యూరప్‌లో ఈస్ట్ అనే పెద్ద పరిశోధనలో తేలింది. కాబట్టి "వయసైపోయింది, ఉండనీ" అని వదిలేయకుండా ఆ దారి మీకు ఉందా అని ఒకసారి అడగండి. చేయించుకున్నాక మొదటి మూడు నెలలు దడ మళ్ళీ రావచ్చు, కంగారుపడొద్దు. స్కోరు ఎక్కువున్నవాళ్ళకి అబ్లేషన్ తర్వాత కూడా పలచబడే మాత్ర సాగుతుంది. చాలామంది అక్కడే మోసపోతారు.

అయిదో పని: వంటింట్లో

ఉప్పుతో మొదలుపెట్టండి, ఎందుకంటే బీపీయే ఈ జబ్బుకి పెద్ద ఎరువు. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ స్పూను. దీన్ని కొలిచే సులువైన దారి: ఇద్దరున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ నూరు రోజులు రావాలి. తెరిచిన రోజు ప్యాకెట్ మీద తేదీ రాయండి. మా ఇంట్లో మొదటిసారి నలభై రోజులకే ఖాళీ అయింది, అదీ ఊరగాయల్లోది లెక్కలోకి రాకుండా. ఊరగాయ, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, బేకరీ మిక్చర్ పక్కన పెట్టినాం. సంగటిలో ఉప్పు మానేసినాం, పులుసులో ఉంటుంది కదా. ఊరిబిండిలో ఉప్పు సగం చేసి ఎర్రగడ్డ, చింతపండు కాస్త పెంచితే నాయన గుర్తుపట్టలేదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ బాగోలేనివాళ్ళు, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలవాళ్ళు అడక్కుండా వాడొద్దు.

రాగి సంగటి మంచిదే. ముద్ద చిన్నది చేసి, పక్కన కూర పెద్దది చేయండి. షుగరున్నవాళ్ళకి తోతాపురి కాలంలో చేయి ఆగదు, తెలుసు. రోజుకి నాలుగు ముక్కలు, భోజనం మీద కాకుండా. రాత్రి ఎనిమిదిలోపు తినేయండి. నిండుకడుపుతో పడుకున్న రాత్రులే నాయనకి దడ ఎక్కువ, నోట్‌బుక్ చూసి మేం పట్టుకున్నది ఇదే.

కాఫీ మానాల్సిన పనిలేదు, తాగితే దడ వస్తుందని మీకు తెలిస్తే తప్ప. తాగుడు మాత్రం మానాలి. రోజూ తాగే అలవాటున్న రోగులమీద ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2020లో వచ్చింది. ఆరునెలల్లో, తాగడం సాగించినవాళ్ళలో 73 శాతం మందికి దడ తిరగబెడితే, మానినవాళ్ళలో 53 శాతం మందికే తిరగబెట్టింది. జాతర పేరుతో, పెళ్ళి పేరుతో ఒక్కరాత్రి ఎక్కువ తాగినా చాలు.

వేసవిలో తిరుపతి ఎండకి ఒళ్ళు ఎండిపోతే, విరేచనాలు పట్టుకుంటే పొటాషియం పడిపోయి దడ లేస్తుంది. మజ్జిగ, ఓఆర్ఎస్ దగ్గర ఉంచండి. గుండె బలహీనత ఉండి నీళ్ళకి కొలత పెట్టినవాళ్ళు ఆ కొలతలోనే.

ఆరో పని: బరువు, నడక, నిద్ర

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో డాక్టర్లు 2015లో చూపించింది ఇది: లావున్న రోగుల్లో 10 శాతం, ఆపైన బరువు తగ్గించి నిలబెట్టుకున్నవాళ్ళకి దడ లేకుండా ఉండే అవకాశం మిగతావాళ్ళకంటే సుమారు 6 రెట్లు. 80 కిలోల మనిషికి అది 8 కిలోలు. ఏడాది పెట్టుకోండి. ఒక వారం తగ్గి ఒక వారం పెరిగితే ఫలితం తగ్గిపోతుంది.

పొద్దున్నే 30 నిమిషాలు, వారానికి అయిదు రోజులు నడవండి. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. యోగా అలవాటుంటే మంచిది. అమెరికాలోని కాన్సాస్‌లో మూడు నెలలు నేర్పించి చూస్తే దడ వచ్చిన సార్లు తగ్గినాయి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడేవాళ్ళుంటే రాత్రి నిద్ర పరీక్ష చేయించండి. ఆ జబ్బుని వదిలేస్తే ఎన్ని మందులు వాడినా దడ తిరిగొస్తుంది. బీపీ 130/80 దగ్గర ఉండాలి. పొగ, ఖైనీ వద్దు.

ఏడో పని: కొండకు పోయేటప్పుడు

మన ఊళ్ళో ఇది లేకుండా కుదరదు. మొక్కు ఉందని అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కుతానంటారు. శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లే గానీ నిట్టనిలువు. గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు, 60 దాటినవాళ్ళు నడకదారిన రావద్దని టీటీడీయే చెప్పింది. బస్సులో పోండి. మా నాయన చాలా బాధపడ్డాడు, ఆఖరికి అలిపిరిలో మొదటి మెట్టుకి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుని బస్సెక్కాడు.

క్యూలో ఎన్ని గంటలవుతుందో తెలియదు, సంచులు కౌంటర్లో ఇచ్చేస్తాం. అందుకని రెండు రోజుల మాత్రలు రేకుతో సహా చొక్కా జేబులో ఉండాలి. తలనీలాలు ఇచ్చేటప్పుడు కల్యాణకట్టలో ముందే చెప్పండి, "నెత్తురు ఆగని మాత్ర వాడతాను, నిదానంగా తీయి నాయనా" అని. చిన్న గాటు పడినా గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. ఒంట్లో తేడా అనిపిస్తే కొండమీద అశ్విని ఆసుపత్రి ఉంది.

ఎనిమిదో పని: పరుగెత్తాల్సిన వేళలు, జేబులో కార్డు

మూతి ఒకవైపు జారితే, ఒక చేయి లేవకపోతే, మాట ముద్దగా వస్తే, చూపు ఉన్నట్టుండి పోతే 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్ళు, మాత్ర ఏదీ పోయొద్దు. గడ్డని కరిగించే సూదికి గడువు 4.5 గంటలు, లక్షణం మొదలైన టైము చీటీ మీద రాయండి. పలచబడే మాత్ర ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారో కూడా రాయండి, సూది ఇవ్వాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేలుస్తారు. గుండెనొప్పి, స్పృహ తప్పడం, కూర్చున్నా తగ్గని ఆయాసం, నల్లగా తారులాంటి విరేచనం, ఆగని నెత్తురు, ఇవన్నీ అదే రోజు ఎమర్జెన్సీకి. బాత్‌రూంలో జారి తలకి దెబ్బ తగిలితే పైన గాయం కనపడకపోయినా సీటీ తీయించాలి.

ఒక అట్టముక్క తీసుకుని రాయండి: పేరు, వయసు, "ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది", పలచబడే మాత్ర పేరు, మోతాదు, వేసుకునే టైము, మిగతా మందులు, క్రియాటినిన్ అంకె తేదీతో, వాల్వు జబ్బు ఉందా లేదా, పడని మందులు, ఇద్దరి ఫోన్ నంబర్లు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒకటి చొక్కా జేబులో, ఒకటి బీరువా తలుపుకి లోపలివైపు. మందు మారిన రోజే కార్డూ మార్చండి. మేం దాని ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టినాం, పక్కింటి అక్క ఫోన్లో కూడా.